మాటులో మాట

మోకాళ్ళెలా ఉన్నాయని అడిగితే అర్థముంది, కళ్ళజోడు తెచ్చుకున్నారా అని అడిగినా అర్థముంది, నడవాలి కదా, చూడాలి కదా, పిట్టల్ని చూడ్డానికొచ్చిన మనిషిని పట్టుకుని చెవులెలా ఉన్నాయని అడగడమేమిటి, అనుకుంటూ అతను లాడ్జి కౌంటరు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, చెక్క కౌంటరు, దాని కింద ఎక్కడో చిన్న ఫ్రిజ్జు తిరుగుతున్నట్టుంది, వణుకు చేతికి తెలుస్తోంది, ఏదో బోల్టు వదులైంది, ఆ సంగతి చెవికి కాదు చేతికి తెలిసింది, ఈమధ్య అన్నీ చేతికే తెలుస్తున్నాయి, కౌంటరు వెనకాల గైడు నిలబడి ఉంది, మెడలో బైనాక్యులర్స్, ఎండకి కమిలిన ముక్కు, పెద్ద గొంతు, ముఖం సూటిగా ఇటే ఉంది కాబట్టి ఆమె మాటలు ఒకటీ అరా తప్ప జారిపోలేదు, ఆమె జవాబు కోసం చూస్తోంది, పక్కన భార్య కూడా చూస్తోంది, రెండు చూపుల్లో భార్య చూపే బరువుగా ఉంది, చెవులకేమండీ, మావి పాముచెవులు, అన్నాడు, ఆలోచించి అన్నది కాదు, ఇన్నేళ్ళుగా అని అని అరిగిపోయిన మాట, ఎవరైనా చెవులంటే చాలు దానంతటదే వచ్చేస్తుంది, గైడు ముఖం విప్పారింది, అయితే ఇంక ఆలోచనే వద్దు సార్, మీకు అడవి నడకే, అంది, పాములకి అసలు బయటికి చెవులే ఉండవనుకోండి, నేల వణుకుని బట్టి తెలుసుకుంటాయి, అని కూడా అంది, అతను కౌంటరు మీంచి చెయ్యి తీసేశాడు, భార్య పెదవులు బిగించి కిటికీవైపు తిరిగింది, ఆ బిగింపు ఏమిటో అతనికి అర్థంకాలేదు, అనుమానమా, విసుగా, ఇంకేమైనానా.

అంతకుముందే గైడు పిట్టల్ని చూసే మూడు దారుల సంగతీ విడమరిచి చెప్పింది, ఇక్కడికొచ్చేవాళ్ళు చాలామంది ఒకటే తప్పు చేస్తారట, ఊరుకాని ఊరొచ్చాం కదా అని ఏది ముందు దొరికితే అది ఎక్కేస్తారట, పడవెక్కినవాళ్ళు పిట్ట దగ్గరికి రాలేదని ఏడుస్తారట, అడవికెళ్ళినవాళ్ళు ఆకులు తప్ప ఏం కనపడలేదని తిడతారట, పిట్టలదేముంది సార్, అవి ఎక్కడైనా పిట్టలే, వచ్చిన మనిషి ఎలాంటివాడో చూసుకుని దారి ఎంచుకోవాలి, అంది, పెళ్ళి సంబంధాలు కుదిర్చే పేరయ్యలా మాట్లాడింది, పడవ సరస్సు మధ్యకి పోతుంది, కొంగలూ హంసలూ గుంపులు గుంపులు, కాకపోతే దూరంగా, పైగా ఇంజను మోత, పిల్లాపాపలతో వచ్చేవాళ్ళకీ కబుర్లు లేకపోతే ఊపిరాడనివాళ్ళకీ అది మంచిది, అడవి నడక తెల్లారకముందే మొదలవుతుంది, చెట్లు దట్టం, పిట్ట కనపడదు, నేను చెయ్యెత్తగానే అందరూ ఆగిపోవాలి, వినాలి, అక్కడ చెవులే కళ్ళు, ఇక మూడోది మాటు, జమ్ము మధ్యలో చెక్కగుడిసె, ఇద్దరికంటే ఎక్కువ పట్టరు, గోడకి సందు ఉంటుంది, అందులోంచి చూస్తూ కూర్చోవాలి, మనం వెళ్ళం, పిట్టే వస్తుంది, కదలకూడదు, దగ్గకూడదు, మాటులో మాట ఉండకూడదు సార్, అని తనే నవ్వింది, వచ్చినవాళ్ళందరికీ చెప్పే ముక్కే అయుంటుంది, భార్య కూడా నవ్వింది, అతనికి మాత్రం అది మాటలో మాట ఉండకూడదు అన్నట్టు వినపడింది, అందులో నవ్వడానికేముందో తెలియలేదు, అయినా నవ్వాడు, నవ్వు ఎప్పుడూ ఆలస్యం కానివ్వడు, ఆ విద్యలో మంచి సాధన ఉంది. సాయంత్రం టీ వేళకి ఏదో ఒకటి చెప్పండి, అంది గైడు.

పడవే, ఇంకేం లేదు, పడవే, అనుకున్నాడు వరండాలో కుర్చీని ఎండలోంచి నీడలోకి లాక్కుని, భార్య సబ్బుబిళ్ళ కొనుక్కొస్తానని వీధిలోకెళ్ళింది, ఎదురుగా రేవులో పడవ పక్కకి కట్టిన పాత టైరు తాళ్ళకి వేలాడుతోంది, దాని మీద కాకి కూర్చుని నోరు తెరుస్తోంది మూస్తోంది, కాకి అరుపు ఇంకా వినపడుతుంది, కాకి అతన్ని వదిలిపెట్టలేదు, మోటుగొంతులన్నీ అలాగే నమ్మకంగా ఉండిపోయాయి, పడవ ఇంజను ముందు అందరూ చెవిటివాళ్ళే కదా, ఏమిటీ ఏమిటీ అని అందరూ అడుగుతారు, అందరూ అడిగేచోట తను అడిగినా తప్పులేదు, మోకాలు పట్టేసిందంటే సరి, అడవిలో నడవలేనంటాడు, దొంగ చెవులకంటే దొంగ మోకాలు నయం, మోకాలి నొప్పికి ఎవరూ నవ్వరు, కళ్ళు లేకపోతే అయ్యో అంటారు, కాలు లేకపోతే అయ్యో అంటారు, చెవుడంటే మాత్రం జనానికి ఎక్కడలేని నవ్వొస్తుంది, చెవిటివాడి ముందు శంఖమూదితే దాన్ని కొరకడం నీ తాతల తరం కాదు అన్నాడట, ఈ సామెత చెప్పి తనూ ఎన్నిసార్లు నవ్వలేదు, ఆ చెవిటివాడు ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏం చెప్పుకున్నాడో సామెతలో లేదు, సామెతలు అక్కడిదాకా పోవు.

బట్టల ఫ్యాక్టరీలో అతను కుట్టుమిషన్ల మెకానిక్కు, పెద్ద రేకుల షెడ్డు, వరసలు వరసలుగా మిషన్లు, అన్నీ ఒక్కసారి తిరుగుతుంటే కొత్తగా చేరినవాళ్ళు తలనొప్పని ఇంటికి పోతారు, అతను మాత్రం ఆ మోత నడిమధ్య నిలబడి కళ్ళు మూసుకుని, కిటికీ పక్క మిషను, హుక్కు అరిగింది, అనేవాడు, విప్పి చూస్తే హుక్కే, సూది వంగితే ఒక చప్పుడు, నూనె ఎండితే ఒక చప్పుడు, బాబిన్ వదులైతే ఇంకొకటి, వందమంది మాట్లాడుతున్న పెళ్ళిలో తన పిల్లాడి ఏడుపు తల్లికి వినపడినట్టు వినపడేది, పాముచెవులన్న పేరు పెట్టింది బావమరిది, భార్యకి తమ్ముడు, అదే షెడ్డులో సూపర్‌వైజరు, వాడు నోరు తెరిస్తే మిషన్లు కూడా ఆగి వింటాయంటారు, అందుకని వాడి పేరు మైకు, మా బావకి పక్కవీధిలో సూది కిందపడ్డా వినపడుతుందిరా, అని మైకు చెప్పుకోని మనిషి లేడు, ఇప్పుడు ఎవరు పిలిచినా అతను వెళ్ళి మిషను మెడ మీద నాలుగు వేళ్ళూ ఆనిస్తాడు, అలవాటుగా ఆనించినట్టు ఆనిస్తాడు, ఏది అరిగిందో వేళ్ళు చెబుతాయి, హుక్కు, అంటాడు, హుక్కే, పేరు నిలబడుతూనే ఉంది, అక్కడ అతనికి బెంగలేదు, మిషన్లని బురిడీ కొట్టించవచ్చు, మిషన్లు ఇంటికి రావు.

ఇంట్లో సంగతి వేరు, భార్య అతని మేనమామ కూతురే, ఆ మేనమామ ఇంట్లో అందరివీ గొంతులే, మామ, అత్త, మైకు, వంటింట్లో మాట్లాడితే వీధి చివర పాలవాడు జవాబిచ్చే మనుషులు, వాళ్ళ మధ్య ఆమె ఒక్కతే సన్నటి గొంతుతో పుట్టింది, చాలు అంటే ఇంకో గరిటె వడ్డించేవాళ్ళు, రానంటే రిక్షా ఎక్కించేవాళ్ళు, తర్వాత లైబ్రరీలో ఉద్యోగమొచ్చింది, జీతమిచ్చి మరీ గొంతు తగ్గించుకోమనే ఉద్యోగం దీనికే దొరికిందని మైకు నవ్వాడు, పెళ్ళి మాటలప్పుడు ఎవర్ని చేసుకుంటావని పెద్దవాళ్ళు అడిగితే ఆమె ఏదో చెప్పింది, ఎవరికీ వినపడలేదు, గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటున్న అతనికి వినపడింది, ఈ ఇంట్లో నా మాట వినపడేది బావ ఒక్కడికే, అంది, అతను ఒక చెప్పు విప్పి ఒక చెప్పుతో అలాగే ఉండిపోయాడు, అందం చూసి కాదు, ఆస్తి చూసి కాదు, చెవులు చూసి చేసుకుంది, కాపురమంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది, ఇప్పుడా చెవులు లేవని తెలిస్తే ఆమె ఏమీ అనదు, అదే కదా భయం, ఏమీ అనదు, ఎప్పటిలాగే ఇంత తినిపెట్టమంటుంది, పక్కమీద దుప్పటి సర్దుతుంది, కాకపోతే తన మాట వినే మనిషి ఇంక ఎక్కడా లేడని లోపల తలుపు వేసుకుంటుంది, వేసుకున్న చప్పుడు కూడా అతనికి వినపడదు.

పోవడం కూడా ఒక్కసారి పోలేదు, దొంగలు పడి దోచుకుపోయినట్టు కాదు, ఇంట్లోవాళ్ళే రోజుకో గిన్నె దాటించినట్టు పోయింది, ముందు చేతిగడియారం అలారం పోయింది, తర్వాత గుమ్మం గంట, ఆ తర్వాత లైబ్రరీ వెంటిలేటర్లో పిచ్చుకలు, భార్య మధ్యాహ్నం రొట్టెముక్కలు పొడి చేసి వాటికి పెట్టేది, ఆమెకి పిట్టల పిచ్చి పట్టింది అక్కడే, ఈమధ్య పిచ్చుకలు రావడంలేదా ఏమిటే, అని ఒకరోజు తలుపు దగ్గర నిలబడి అడిగితే ఆమె అతని ముఖంలోకి చూసి, వస్తూనే ఉన్నాయిగా బావా, అంది, అప్పుడే నాలుక కరుచుకున్నాడు, సన్నటివన్నీ వెళ్ళిపోయాక సన్నటి అక్షరాలు కూడా వాటి వెనకే వెళ్ళిపోయాయి, స పోయింది, చ పోయింది, స్నానాలగదిలోంచి ఆమె సబ్బు అందుకోమంటే డబ్బు పట్టుకెళ్ళి తలుపు సందులోంచి అందించాడు, ఇక్కడ డబ్బెందుకు బావా, ఎవరికివ్వను, అని ఆమె విరగబడి నవ్వింది, అతనూ వేళాకోళం చేసినట్టే నవ్వేశాడు, ఆ నవ్వు సర్దుకోవడానికి రోజంతా పట్టింది, అప్పటినుంచీ ఊఁ మీద బతుకుతున్నాడు, ఊఁ అంటే అవును, ఊఁ ఊఁ అంటే వింటున్నాను కానివ్వు, ఊహూఁ అంటే కాదు, ఊఁ అని కాస్త పైకి లాగితే అలాగా, చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతూ ఊఁ కొట్టకపోతే ఆపేసేది, అతను నిద్రలో కూడా ఊఁ కొట్టేవాడు, వీడు నిద్రపోయాడో లేదో రాజుగారి కూతురికి పెళ్ళయిపోయాక గానీ తెలియదని అమ్మమ్మ మొట్టికాయ వేసేది, ఆ విద్య ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది, కాకపోతే ఊఁ కొట్టడంలో ఒక చిక్కుంది, దేనికి కొట్టామో తెలియకుండానే దానికి ఒప్పుకున్నట్టవుతుంది.

అలాంటి ఊఁ ఒకటి ఇంకా తేలకుండా ఉండిపోయింది, వంటింట్లో ఆమె అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది, పంపు ధారగా పడుతోంది, అతను బల్ల దగ్గర కూర్చుని పాత బాబిన్ కేసు గుడ్డతో తుడుస్తున్నాడు, ఆమె ఏదో అడిగింది, అడిగిందని తెలియడం కిటికీ అద్దంలో మూతి కదలడాన్ని బట్టి, పంతులుగారు చిన్నప్పుడు బెత్తం పట్టుకుని ప ఫ బ భ మ, పెదవులు కలిస్తేగానీ పలకవురా, అనేవారు, అప్పుడది ఎందుకో తెలియలేదు, ఇప్పుడు కూడూగుడ్డా అదే, పెదవులు కలిసేవి దొరుకుతాయి, గొంతులో దాక్కునేవి దొరకవు, బావ దొరుకుతుంది, అక్క దొరకదు, ఆరోజు అద్దంలో పెదవులు ఒకసారి కలిశాయి, అది బావా, సందేహంలేదు, ఆ తర్వాత కింది పెదవి పంటికి తగిలినట్టయింది, మళ్ళీ ఒకసారి పెదవులు కలిశాయి, చివర మూతి సున్నా చుట్టింది, అంతే, అతను ఊఁ అన్నాడు, ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది, పంపు కట్టేసింది, వచ్చి, తడిచేత్తోనే అతని తల నిమిరి, సరేలే బావా, అంది, ఎదురుగా నిలబడి అన్నది కాబట్టి అది తెలిసింది, దేనికి సరేలే అన్నదో మాత్రం తెలియలేదు, ఏమన్నావని అడగాలంటే ఊఁ ఎందుకన్నావని ఆమె అడుగుతుంది, దేనికి ఒప్పుకున్నట్టు, మైకుని తెచ్చి ఇంట్లో పెట్టుకోవడానికా, ఉద్యోగం మానేసి ఆమె పిచ్చుకలు పెంచుకోవడానికా, ఉరికి ఊఁ అన్నాడో విందుకి ఊఁ అన్నాడో తెలియని మనిషిలా కొన్నాళ్ళు గుమ్మం వైపు చూస్తూ గడిపాడు, ఎవరూ సామాను పట్టుకుని రాలేదు, షెడ్డు మారుస్తున్నామని ఫ్యాక్టరీకి సెలవులిచ్చారు, ఆమె రైలు టికెట్లు తెచ్చి, పిట్టల్ని చూసొద్దాం బావా, అంది, ఓహో ఇదా, అనుకున్నాడు, బావా, పిట్టల్ని చూడ్డానికి వెళ్దామా, బా దగ్గర ఒకసారి, పి దగ్గర ఒకసారి, సరిపోయింది, కాకపోతే వెళ్దామా అంటే చివర పెదవులు కలిసి విడిపోవాలి, సున్నా చుట్టకూడదు, కుట్టు ఒక చోట తప్పినా బట్ట నిలిచిందిగా అని వదిలేసే దర్జీలా అతనూ దాన్ని అక్కడితో వదిలేశాడు.

ఆమె కూడా ఆ ఊఁ అన్న రోజునుంచే ఏదోలా ఉంది, ఇదివరకు గదిలోంచి గదిలోకి మాట విసిరేది, ఇప్పుడు లేచి వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, పంపు కట్టేసి మాట్లాడుతుంది, భుజం తట్టి మాట్లాడుతుంది, వీధిలో నడుస్తుంటే ఎడమవైపుకి మారుతుంది, అతనికి ఎడమ చెవి కాస్త నయం, అది ఆమెకెలా తెలుస్తుంది, యాదృచ్ఛికం, కానీ ఎదురుగా నిలబడి ముఖంలోకి చూస్తూ మాట్లాడే భార్య అంటే మాటలా, పరీక్ష పెడుతోందేమో, మూతి కదలిక చూస్తున్నాడా లేదా అని కనిపెడుతోందేమో, అందుకే ఆమె మాట్లాడేటప్పుడు అప్పుడప్పుడూ కావాలని కిటికీవైపు చూస్తాడు, పరధ్యానంగా ఉన్నా వినపడుతోంది నాకు అన్నట్టు, అప్పుడు పోయిన మాటలు పోతాయి, పోతే పోనీ, పేరు దక్కింది.

బావా, అని భుజం మీద చెయ్యి పడింది, సబ్బుబిళ్ళ చేతిలో పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది, వెలుగు ముఖం మీద పడేట్టు ఒక అడుగు పక్కకి జరిగింది, మాటుకి పేర్లిచ్చేశాను, అంది, అతను మోకాలి మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు, మోకాలు పట్టేసిందని చెప్పబోతూ, ఆ చెయ్యి అక్కడే మిగిలిపోయింది, అడవి కదా అన్నావు, అన్నాడు, అన్నది ఆమె కాదు, గైడు అని గుర్తొచ్చింది, అడవిలో జనం ఎక్కువ బావా, మనిద్దరమే కూర్చుందాం, అంది, పోనీ పడవ, అన్నాడు, పడవలో ఆ మోతేమిటి, షెడ్డులో చాలదా నీకు, అంది, ఊఁ అన్నాడు, ఆమె టీ తెస్తానని లోపలికి వెళ్ళింది, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది, అడవిలో అయితే గుంపు వెనక నిలబడి నలుగురూ తల ఎటు తిప్పితే అటు తిప్పేవాడు, గుంపులో గోవిందా, మాటులో ఇద్దరే, అక్కడ గొంతెత్తకూడదు, అంటే గుసగుసలే, గుసగుస కంటే పగవాడు ఇంకొకడు లేడు అతనికి, గుసగుసలో గొంతుండదు, ఒట్టి గాలి, ఏ అక్షరాలు పోయాయో ఆ అక్షరాల గాలి, ఆమె చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడితే మూతి కనపడదు, మాట వినపడదు, మెడ మీద వెచ్చగా ఊపిరి తగులుతుంది, అంతే తెలుస్తుంది, ఇన్నేళ్ళుగా కాపాడుకున్నది ఒక చెక్కగుడిసెలో ఎవరూ చూడకుండా పోతుంది, పోనీ చెప్పేద్దామా అనుకున్నాడు, చెప్పడానికి మాట కోసం వెతికాడు, నాకు, అన్నంతవరకూ వచ్చింది, ఆమె టీ తెచ్చింది, బాగా కాగింది, అని టీ గురించి చెప్పాడు.

పొద్దున గైడు ముందు నడుస్తుంటే చెక్కబాట అతని కాళ్ళకింద కదులుతోంది, రెండువైపులా జమ్ము మనిషి ఎత్తున, దాని మధ్య ఒక కొంగ ఉంటుంది సార్, అంది గైడు వెనక్కి తిరిగి, ముక్కు ఆకాశానికి పెట్టి బిగుసుకుని నిలబడితే అది కొంగో జమ్ము దుబ్బో కనిపెట్టడం మా తరం కాదు, ఇక్కడికొచ్చిన సగంమంది చూడకుండానే వెళ్ళిపోతారు, కొంగజపం చేపల కోసమే అనుకుంటాం గానీ ఇది తను కనపడకుండా ఉండడానికి చేస్తుంది, అని గుడిసె తలుపు తెరిచి, వేలు పెదవుల మీద పెట్టి చూపించి, వెళ్ళిపోయింది, లోపల తడిచెక్క వాసన, మనిషి కూర్చుంటే మోకాళ్ళు గోడకి తగిలేంత చోటు, గోడకి అడ్డంగా సందు, సందులోంచి నీళ్ళు, నీళ్ళ మీద పొగలాంటి మంచు, ఆమె కుడివైపు చోటు అతనికి చూపించి తను ఎడమవైపు కూర్చుంది, ఇద్దరూ సందులోంచి చూస్తూ కూర్చున్నారు, ఒక లకుముకి పిట్ట వచ్చి కర్ర మీద వాలి, నీళ్ళలోకి దూకి, చేపతో లేచిపోయింది, ఆ పని అంతా చప్పుడు లేకుండా జరిగింది, మిగతావాళ్ళకి ఇందులో చప్పుడు ఉంటుందేమో తెలియదు, ఉన్నా లేకపోయినా పిట్ట పిట్టే, చేప చేపే, అతనికి ఎప్పుడూ లేనిది కాస్త తేలిగ్గా అనిపించింది, ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడంలేదు, అలా అనుకుంటుండగానే ఆమె వేలు అతని మోకాలి మీద తట్టింది.

వచ్చింది గుసగుస, అనుకుని అతను ఊఁ సిద్ధంచేసుకున్నాడు, ఊపిరి మెడకి తగలలేదు, ఆమె చెవి దగ్గరికి రాలేదు, సందులోంచి జమ్మువైపు వేలు చూపించింది, అతను చూశాడు, జమ్ము, జమ్ము వెనక జమ్ము, మళ్ళీ చూపించింది, జమ్మే, అప్పుడామె అతనివైపు పూర్తిగా తిరిగింది, సందులోంచి వెలుగు ముఖం మీద పడేట్టు కాస్త వంగింది, గొంతులేదు, ఊపిరి కూడా లేదు, ఒట్టి పెదవులతో, తొందరలేకుండా, ఒక్కో అక్షరాన్నీ విడదీసి అడిగింది, బా దగ్గర పెదవులు కలిశాయి, మధ్యలో ఒకసారి కలిశాయి, చివర మూతి సున్నా చుట్టింది, బావా, నీకు కనపడట్లేదు కదూ, ఆమె అడిగింది కొంగ సంగతి, అతనికి అర్థమైంది, కానీ ఆ మూతి అతను ఇంతకుముందు చూసిందే, ఎక్కడో, అద్దంలో, పంపు ధారగా పడుతుంటే, బా, ప, సున్నా, అచ్చం ఇదే, అప్పుడు మధ్యలో కింది పెదవి పంటికి తగిలింది, ఇప్పుడు తగల్లేదు, అదొక్కటే తేడా, క కాదు, వి, ఒక్క అక్షరం, కనపడట్లేదు కాదు, బావా, నీకు వినపడట్లేదు కదూ, అనడిగింది ఆరోజు, అడిగితే తను ఊఁ అన్నాడు, ఎంత చక్కగా అన్నాడు, నసగకుండా, దాచకుండా, బాబిన్ కేసు తుడుచుకుంటూ, మొగుడు ఇంత నిబ్బరంగా ఒప్పుకుంటే ఏ ఆడది మాత్రం పంపు కట్టేయదు.

అయితే ఈమెకి తెలుసు, అనుమానం కాదు, పరీక్ష కాదు, తెలుసు, తనే చెప్పాడు, చెప్పి తనే వినలేదు, ఎదురుగా వచ్చి నిలబడింది అందుకు, ఎడమవైపుకి మారింది అందుకు, వెలుగులోకి జరిగింది అందుకు, కౌంటరు దగ్గర పాముచెవులని తను కోతలు కోస్తే పెదవులు బిగించింది విసుగుతో కాదు, నవ్వు ఆపుకోవడానికి, తను ఇన్నాళ్ళూ ఆమె కళ్ళుగప్పుతున్నాననుకున్నాడు, ఆమె ఇద్దరం కలిసి ఊరందరి కళ్ళూ గప్పుతున్నాం అనుకుంది, మైకుకి కూడా చెప్పలేదు, మొగుడు ఒకసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు, ఎత్తడం ఇష్టంలేదు కాబోలు, అనుకుని ఆ మాట తనూ ఎత్తలేదు, అడవి వద్దంది, పడవ వద్దంది, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడకూడని చోటు చూసి పేర్లిచ్చింది, అతనికి సిగ్గేసింది, సిగ్గు వెనక ఏడుపొచ్చింది, మాటులో ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు గానీ దగ్గకూడదని మాత్రం చెప్పారు, అందుకని ముక్కు కూడా ఎగబీల్చకుండా సందువైపు తిరిగాడు, ఆమె అదేమీ చూడలేదు, అతని గడ్డం పట్టుకుని తలని కాస్త ఎడమకి, కాస్త కిందికి తిప్పింది, జమ్ము మధ్యలో ఒక జమ్ముకాడ రెప్ప వేసింది, దాని పక్కన మెడ, మెడమీద చారలు, ముక్కు ఆకాశానికి పెట్టి పాపం ఎప్పట్నుంచి అలా నిలబడి ఉందో, ఆమె మళ్ళీ ఇటు తిరిగింది, పెదవులు మళ్ళీ కదిలాయి, కనపడిందా బావా, గాలికి తెలియదు, జమ్ముకి తెలియదు, గోడకి చెవులుంటాయంటారు, ఆ గోడకీ తెలియదు, ఆమె ఆ మాట పలికినట్టు లోకంలో తెలిసింది అతనొక్కడికే, ఇప్పటికీ అతనొక్కడికే, ఊఁ, అన్నాడు, ఏమడిగిందో తెలిసి.